ధర్మాబాద్ నుంచి ముంబయి ఫోర్ట్‌కు: రెండు రోజుల్లో ఏది చూడాలి, ఏది వదిలేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. జనవరిలో అమ్మానాన్నలను తీసుకుని మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని మన ధర్మాబాద్ నుంచి ముంబయి వెళ్తున్నారు. చేతిలో ఉన్నవి శని, ఆదివారాలు రెండే. నాన్నగారికి మోకాళ్ల నొప్పి. దక్షిణ ముంబయిలోని ఫోర్ట్, కొలాబా వైపు నడిచి చూడాలని మీకు ఉంది. చుట్టాలేమో గేట్‌వే, జుహూ, సినిమా నటుల బంగళాలు చూపించకపోతే ముంబయి వెళ్లినట్టే కాదంటున్నారు.

ముందు తీసేయాల్సింది చెబుతాను: నటుల బంగళాలు. ఫోర్ట్ నుంచి జుహూ వెళ్లి రావడానికే సగం రోజు హారతి కర్పూరమవుతుంది. తీరా వెళ్తే కనిపించేది ఒక ఇనుప గేటు, దాని ముందు కాపలాదారు, అతని ముందు ఫోన్లు ఎత్తి పట్టుకున్న మరో వంద మంది. గేట్లు చూడాలంటే మన ధర్మాబాద్ మిర్చి గోదాములకు ఇంకా పెద్దవి ఉన్నాయి.

ఇంత ధీమాగా చెప్పడానికి నేనెవరినని అడుగుతారేమో. మాది బిలోలి తాలూకా. 1989లో మేనమామను నమ్ముకుని ముంబయి చేరాను. ఇరవై ఎనిమిదేళ్లు ఫోర్ట్ చుట్టుపక్కల పాత భవనాల మరమ్మతు పనే నా బతుకు. మొదట సున్నం తట్టలు మోశాను, తరవాత వెదుళ్లతో పరంజా కట్టాను, చివరికి మేస్త్రినయ్యాను. మన పరంజాను అక్కడి మరాఠీ కూలీలు పరాంచీ అంటారు. రెండూ ఒక తల్లి పిల్లలే అనిపించేది. అందరూ కింద నుంచి మెడ నిక్కించి చూసే రాతి బొమ్మలను నేను పరంజా మీద నిలబడి ముఖాముఖి చూశాను. అందుకని నా సలహాలో రాజుల పేర్లు తక్కువ, రాళ్ల సంగతులు ఎక్కువ ఉంటాయి. ఓపిక పట్టండి.

మన వైపు నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఉదయానికి నేరుగా సీఎస్‌ఎంటీలో, అంటే ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో దిగుతారు. దిగీ దిగగానే సామాను ఎత్తుకుని టాక్సీల వైపు పరుగెత్తేవాళ్లే అందరూ. ఊరు మొత్తంలోకీ గొప్ప భవనం కడుపులోంచి బయటికి వస్తున్నామని వాళ్లు గమనించరు. మీరు అలా చేయకండి. సామాను లాకరు గదిలో పెట్టి, సబ్‌వేలోంచి రోడ్డు దాటి, ఎదుటి మునిసిపల్ కార్పొరేషన్ భవనం వైపుకు వచ్చి, అప్పుడు వెనక్కి తిరిగి చూడండి. పొద్దున వేళ ఆ రాయి రంగు వేరు. వెలుతురు పెరిగేకొద్దీ బూడిద రంగులోంచి పసుపులోకి, పసుపులోంచి తేనె రంగులోకి మారుతుంది. నాన్నగారికి ఆ ఇరవై నిమిషాలు నిలబడే ఓపిక లేకపోతే ఆనుకోవడానికి రెయిలింగు ఉంది.

ఈ స్టేషన్ రూపకర్త ఎఫ్. డబ్ల్యూ. స్టీవెన్స్. 1878లో పని మొదలైంది, పూర్తి కావడానికి పదేళ్లు పట్టింది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం కోసం 1887లోనే ఆమె పేరు పెట్టేశారు. ఎదురుగా మీరు ఆనుకుని నిలబడ్డ కార్పొరేషన్ భవనం కూడా ఆయనదే, 1893లో పూర్తయింది. స్టేషన్ గేటు స్తంభాల మీద ఒకవైపు సింహం, ఒకవైపు పులి ఉంటాయి. సింహం ఇంగ్లండు, పులి మన దేశం. గోడల మీద నెమళ్లు, కోతులు, గుడ్లగూబలు, ఊసరవెల్లులు, ఎలుకలు దాక్కుని ఉంటాయి. వీటిలో చాలా చెక్కడం పని పక్కనే ఉన్న జె.జె. చిత్రకళా కళాశాల విద్యార్థులది. పిల్లలెవరైనా వెంట ఉంటే ఎలుకను కనిపెట్టమని పందెం కాయండి. అరగంట మీ జోలికి రారు.

ఇక్కడ రాయి గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. ఫోర్ట్‌లో ప్రధానంగా మూడు రకాల రాయి కనిపిస్తుంది. ఒకటి నల్లరాయి. మన దక్కన్ అంతటా దొరికేదే, గట్టిది, ఉలికి ఒక పట్టాన లొంగదు. రెండోది మలాడ్ గనుల్లోంచి వచ్చిన పసుపు రాయి. ఫోర్ట్‌కు ఆ తేనె రంగు ఇచ్చింది ఇదే. మూడోది గుజరాత్ నుంచి పడవల్లో దించిన పోర్‌బందర్ సున్నపురాయి. మెత్తగా ఉంటుంది కాబట్టి పూలు, తీగలు, ముఖాలు దీనిలో చెక్కారు. మెత్తనిది కావడమే దాని గుణం, దాని రోగం కూడా. నూట ముప్పై వానాకాలాలకు ముక్కులు, పెదవులు కరిగిపోయిన ముఖాలు మీకు వీధి వీధినా కనిపిస్తాయి. అరచేతితో మెల్లగా రాస్తే తెల్లటి పిండి అంటుకుంటుంది. మాకు పని నేర్పిన ముసలి మేస్త్రి దాన్ని రాయి చెమట అనేవాడు.

ఒకసారి ఒక భవనం యజమాని, పేరెందుకులెండి, దీపావళికి మెరిసిపోవాలని రాతి గోడ మొత్తానికి ఆయిల్ పెయింట్ వేయించాడు. వద్దని చెప్పినందుకు మేస్త్రిని మార్చేశాడు. రాయి నీటిని పీలుస్తుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. పైన రంగు పూత పడితే ఆ నీరు లోపలే చిక్కుకుంటుంది. రెండో వానాకాలానికి రంగుతో పాటు రాయి కూడా అప్పడంలా పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మరమ్మతుకు మళ్లీ మమ్మల్నే పిలిచారు. సిమెంటుతో అతుకులు పెట్టినా ఇదే గతి. అతుకు రాయి కంటే గట్టిగా ఉండకూడదు, అందుకే సున్నం. ఇప్పుడు మీరు ఏ వీధిలో నడిచినా అతుకుల వైపు చూస్తారు, నాకు తెలుసు.

శనివారం ఉదయం గదికి వెళ్లి స్నానాలు, ఫలహారం అయ్యాక పదిన్నర ప్రాంతంలో బయలుదేరండి. గది విషయంలో ఒక్క హెచ్చరిక. స్టేషన్ బయట మీ సంచి పట్టుకుని తమ్ముడూ, అన్నా అంటూ మరాఠీలోనో తెలుగులోనో పలకరించేవాడి వెంట వెళ్లకండి. 1989లో మా మామ రావడం ఆలస్యమై నేను అలాగే వెళ్లాను. రాత్రికి అడిగిన అద్దె, మా ఊళ్లో ఒక కూలి నెల సంపాదనతో సమానం. గదికి కిటికీ అని చూపించింది పక్క గదిలోకి తెరుచుకునేది.

మొదటి మజిలీ క్రాఫర్డ్ మార్కెట్. స్టేషన్ నుంచి ఉత్తరంగా పది నిమిషాల నడక. 1869లో కట్టారు. ప్రవేశ ద్వారాల పైన ఉన్న రాతి ఫలకాలు జె.జె. కళాశాలలో పాఠాలు చెప్పిన లాక్‌వుడ్ కిప్లింగ్ రూపొందించినవి. పళ్ల దుకాణాల ముందు జనం తోసుకుంటూ ఉంటారు, తల ఎత్తేవాళ్లు ఉండరు. బోర్డు మీద పేరు చదవండి: మహాత్మా జ్యోతిబా ఫులే మండయి. మనకు మరాఠీ అక్షరాలు తెలుగు కంటే ముందే వచ్చాయి కదా, చదవడం కష్టం కాదు. ఆ పేరు ఎందుకు గుర్తు పెట్టుకోమంటున్నానో ఇప్పుడే చెబుతాను.

అక్కడి నుంచి టాక్సీలో నాగ్‌పాడా వైపు వెళ్లి కామాఠీపురా చూడండి. అవును, కామాఠీపురాయే. ఆ పేరు ఎత్తితే మనవాళ్లు గొంతు తగ్గించి చుట్టూ చూస్తారు. వేశ్యావాడ అని దానికి పడ్డ ముద్ర నిజమే, అక్కడి ఆడవాళ్ల కష్టమూ నిజమే. కానీ ఆ పేరు మనది. నిజాం రాజ్యం నుంచి, అంటే అప్పట్లో మన నాందేడ్ కూడా ఉన్న రాజ్యం నుంచి, ముంబయి కట్టడానికి వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలు అన్నారు. వాళ్లు గుడిసెలు వేసుకున్న చోటు కామాఠీపురా అయింది. సముద్రాన్ని పూడ్చి నేల చేసిన పనిలో, రోడ్లకు రాయి కొట్టిన పనిలో, ఇప్పుడు మనం ఫొటోలు తీసుకునే భవనాలకు తట్టలు మోసిన పనిలో వాళ్లు ఉన్నారు. అక్కడి సందులకు పేర్లు లేవు, నంబర్లే. ఒకటో గల్లీ, రెండో గల్లీ, అలా లెక్క సాగిపోతుంది.

కూలీలుగా వెళ్లిన వాళ్లలో కొందరు ఒకటి రెండు తరాల్లో పేరున్న కాంట్రాక్టర్లయ్యారు. జ్యోతిబా ఫులే 1873లో పుణెలో, కుల పెత్తనాన్ని ఎదిరించే సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు, ముంబయిలో ఆయన వెనుక డబ్బుతో, మనుషులతో నిలబడ్డ వాళ్లలో ఈ తెలుగువాళ్లు ముందు వరసలో ఉన్నారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడి లింగు వంటి పేర్లు ఆ ఉద్యమ చరిత్రలో కనిపిస్తాయి. ఫులే కూడా కట్టడాల కాంట్రాక్టులు చేసినవాడే. పనివాళ్ల బాధ ఆయనకు పుస్తకంలోంచి తెలిసింది కాదు. 1888 మే 11న మాండ్వీ కోలీవాడ సభలో ఆయనను మహాత్మా అన్నారు. మీరు మార్కెట్ బోర్డు మీద చదివి వచ్చిన మహాత్మా అదే. మన నాన్నల తరానికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మీ నాన్నగారికి ఆ గల్లీ మొదట్లో నిలబడి చెప్పండి.

పగటి పూటే వెళ్లండి, ఫోన్ జేబులోనే ఉంచండి. అక్కడి ఆడవాళ్లను ఫొటో తీయడం కంటే నీచం ఇంకోటి లేదు. టాక్సీ దిగకుండా నెమ్మదిగా తిప్పించినా చాలు. వీలైతే దిగి, మనవాళ్ల గుళ్లు ఉన్న సందులో పది అడుగులు వేయండి. పాత ఇళ్లు పడగొట్టి కొత్తగా కట్టే ప్రణాళిక ఉంది. ఇంకొన్నేళ్లకు ఆ చెక్క వసారాలు ఉండకపోవచ్చు.

నేను మొదటి మూడేళ్లు ఆ దగ్గరలోనే ఒక గదిలో ఉన్నాను. పది అడుగుల గది, పద్నాలుగు మందిమి, సగం మంది పగటి పని, సగం మంది రాత్రి పని. చాప ఎప్పుడూ వెచ్చగానే ఉండేది. గోడకు మేకులు, మేకుకొక సంచి, ఆ సంచే మనిషి ఆస్తి. మాకు భోజనం పెట్టే ఖానావళి నడిపింది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ. పచ్చిపులుసులో ఆమె వేసే ఎండుమిర్చి మన వైపుదని వాసనతోనే చెప్పేవాళ్లం. మరాఠీ బడిలో పదో తరగతి వరకు చదివిన నాకు అప్పటికి తెలుగు మాట్లాడటమే వచ్చు. ఆ గదిలోని ఒక ముసలాయన పొట్లం కట్టిన పాత తెలుగు పత్రిక కాగితాలు చదును చేసి, రాత్రి పడుకునే ముందు అక్షరాలు చూపించేవాడు. నేను మొదట కూడబలుక్కుని చదివిన తెలుగు వాక్యం ఒక తలనొప్పి మాత్ర ప్రకటన. కామాఠీపురా అనగానే నాకు గుర్తొచ్చేది ఇది.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రో సినిమా దగ్గరున్న క్యానీ అనే ఇరానీ హోటల్‌లో ఆగండి. 1904 నాటిది. గీతల గుడ్డలు పరిచిన బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గాజు సీసాల్లో బిస్కట్లు. బ్రున్ మస్కా అని అడిగితే పైన గట్టి పెంకు ఉన్న రొట్టెను చీల్చి వెన్న పూసి ఇస్తారు. దాన్ని చాయ్‌లో ముంచి, లెక్కపెట్టినట్టు మూడు క్షణాలు ఉంచి, రాలిపోక ముందే నోట్లో పెట్టుకోవాలి. పళ్లు కదులుతున్న పెద్దవాళ్లకు బ్రున్ వద్దు, బన్ మస్కా చెప్పండి. ఒక్క మాట: ఇరానీ చాయ్ అనగానే మీ మనసు హైదరాబాద్ చాయ్ మీదకు పోతుంది. అక్కడ పాలను విడిగా మరగబెట్టి చిక్కగా చేసి డికాక్షన్‌లో పోస్తారు. ముంబయి ఇరానీది పలచన, తీపి ఎక్కువ. పోల్చుకుంటూ తాగితే నిరాశే మిగులుతుంది. ఇది శనివారమే పెట్టుకోండి, ఫోర్ట్ వైపు హోటళ్లు చాలా వరకు ఆదివారం తలుపులు తీయవు.

మధ్యాహ్నం ఎండ వేళ కాలాఘోడా మ్యూజియం. ఒకప్పుడు ప్రిన్స్ ఆఫ్ వేల్స్ పేరుతో ఉండేది, ఇప్పుడు ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయం. తోట ఉంది, బల్లలు ఉన్నాయి, మోకాళ్లకు విశ్రాంతి. లోపల అన్నీ చూడాలనుకోకండి. కింది అంతస్తులో శిల్పాలు, పైన సూక్ష్మ చిత్రాలు చూస్తే చాలు. ఈ భవనం, గేట్‌వే ఆఫ్ ఇండియా రెండూ జార్జ్ విట్టెట్ అనే ఒకే ఆయన గీసినవి. మ్యూజియం గుమ్మటం చూస్తే బీజాపూర్ గుర్తుకు రావడం మీ కళ్ల తప్పు కాదు, దక్కన్ గుమ్మటాలను చూసే దాన్ని గీశారు. సీఎస్‌ఎంటీ పక్కన ఉన్న పెద్ద పోస్టాఫీసుది కూడా గోల్ గుంబజ్ పోలికే.

కాలాఘోడా అంటే నల్ల గుర్రం. ఏడో ఎడ్వర్డు యువరాజుగా ఉన్నప్పటి గుర్రపు విగ్రహం అక్కడ ఉండేది. 1965లో దాన్ని బైకల్లా ఉద్యానానికి తరలించారు. గుర్రం పోయినా పేరు పోలేదు. 2017లో మళ్లీ ఒక నల్ల గుర్రాన్ని నిలబెట్టారు, ఈసారి వీపు మీద ఎవరూ లేరు. మన ఊళ్లో దొర గడీ కూలిపోయాక కూడా ఆ బజారును గడీ బజారు అన్నట్టే. పక్క సందులో యూదుల ప్రార్థనాలయం ఉంది, 1884 నాటిది. ఇంకో వైపు వాట్సన్ హోటల్ అనే పాత ఇనుప కట్టడం. దాని పోత ఇనుము దూలాలు ఇంగ్లండులో పోసి ఓడలో తెచ్చి ఇక్కడ బిగించారు. 1896 జూలై 7న మన దేశంలో మొదటి సినిమా బొమ్మలు కదిలింది ఆ హోటల్‌లోనే. సినిమా పిచ్చి ఉన్న చుట్టాలకు నటుల గేట్లకు బదులు ఇది చూపించండి. మేము ఆ వీధిలో పని చేసిన రోజుల్లో ఆ భవనం పక్క నుంచి నడవాలంటే పైకి చూసి నడిచేవాళ్లం, ఎప్పుడు ఏది ఊడి పడుతుందో అని.

సాయంత్రం గేట్‌వే. చూడండి, ఫొటో తీసుకోండి, అరగంటలో కదలండి. 1911లో అయిదో జార్జి దిగిన గుర్తుగా మొదలుపెట్టిన ఈ తోరణం 1924లో పూర్తయింది. ఏ దారిన రాజు వచ్చాడో ఆ దారినే 1948 ఫిబ్రవరి 28న చివరి బ్రిటిష్ పటాలం ఓడ ఎక్కింది. ఎదురుగా తాజ్ హోటల్ అంతకంటే ముందే, 1903లో తెరిచారు. ఎలిఫెంటా గుహలకు పడవలు ఇక్కడి నుంచే. కానీ గంట పడవ ప్రయాణం తరవాత దాదాపు 120 మెట్లు ఎక్కాలి, నాన్నగారికి ఈసారికి వద్దు. ఇంకోసారి వెళ్లినా సోమవారం కాకుండా చూసుకోండి, ఆ రోజు గుహలు మూసి ఉంటాయి.

ఆదివారం అసలు పండుగ. ఆదివారం పొద్దున ఫోర్ట్ ఖాళీగా ఉంటుంది. మిగతా ఆరు రోజులు తోసుకుంటూ పరుగెత్తే మనుషులు, చేతిబళ్లు, భోజనం డబ్బాలు మోసేవాళ్లు ఎవరూ ఉండరు. మేము పరంజా ఎక్కించే పనులన్నీ ఆదివారమే పెట్టుకునేవాళ్లం. ఏడున్నరకు హుతాత్మా చౌక్, అంటే ఫ్లోరా ఫౌంటెన్ ఉన్న కూడలి చేరండి, ఇప్పుడు భూగర్భ మెట్రోకు అక్కడే స్టేషన్ ఉంది.

ఫోర్ట్ అన్నారు, కోట ఏది అని అమ్మ అడుగుతుంది. కోట లేదు. ఆంగ్లేయులు కట్టిన గోడలను 1860ల్లో వాళ్లే పడగొట్టారు, ఊరు పెరగడానికి అడ్డమని. మూడు ద్వారాలు ఉండేవి: అపోలో గేట్, చర్చి గేట్, బజార్ గేట్. చర్చి గేట్ ఉన్న చోటికి దగ్గరలోనే ఇప్పుడు మీరు నిలబడ్డ ఫ్లోరా ఫౌంటెన్. గేటు పోయింది, పేరు వెళ్లి రైల్వే స్టేషన్‌కు అతుక్కుంది. ఈ ఫౌంటెన్ 1864 నాటిది. పైన ఉన్నది రోమన్ల పూల దేవత. ఆమె మీద కూడా ఏళ్ల తరబడి పూతల మీద పూతలు రంగు వేశారు. ఆ రంగంతా ఒలిచి, రాయిని మళ్లీ బయటికి తెచ్చి 2019లో నీళ్లు వదిలారు. ఆ పని చేసినవాళ్ల చేతులకు దండం పెట్టాలి.

పక్కనే కాగడా పట్టుకున్న రైతు, కార్మికుడి విగ్రహం. మరాఠీ వాళ్లందరికీ ముంబయితో కలిపి ఒకే రాష్ట్రం కావాలన్న సంయుక్త మహారాష్ట్ర ఉద్యమంలో ప్రాణాలు పోయిన వంద మందికి పైగా మనుషుల జ్ఞాపకం. 1955 నవంబరు 21న ఇదే కూడలిలో కాల్పులు జరిగాయి. ఇది మనకు ఎవరి కథో కాదు. 1956 నవంబరు 1 దాకా నాందేడ్ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోది. ఆ తరవాత ద్విభాషా బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. మా తాతకు ఇల్లు మారకుండానే రాష్ట్రం రెండుసార్లు మారింది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో రెండూ కలిపి మాట్లాడే మన బతుకు గీత గీసిన వాదనలు ఈ కూడలిలోనే మోగాయి.

అక్కడి నుంచి తూర్పుగా అయిదు నిమిషాలు నడిస్తే హార్నిమన్ సర్కిల్. నన్ను ఒక్క చోటే చూడమంటే ఇదే చూస్తాను. గుండ్రటి తోట, దాని చుట్టూ వంపు తిరిగిన వరండాల భవనాలు. 1872లో పూర్తయింది. అంతకు ముందు ఇది ఖాళీ మైదానం, పత్తి బేళ్లు గుట్టలుగా పడి ఉండేవి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయింది. ఇంగ్లండు మిల్లులు మన దక్కన్ పత్తి కోసం బంగారం గుమ్మరించాయి. ఆ డబ్బే ఈ భవనాలు. 1865లో యుద్ధం ముగిసి ధర పడిపోయింది, కోట్లు కూడబెట్టినవాళ్లు దివాలా తీశారు. మా నాన్న నాందేడ్ 44 పత్తి వేసి, ధర ఎప్పుడు పడుతుందోనని రేడియోకు చెవి ఒగ్గి కూర్చున్న రోజులు నాకు తెలుసు. ఆ కథకు ఈ తోటకు మధ్య ఉన్నది వందేళ్ల దూరమే. వరండా కమానుల నడిమి రాయి మీద ఒక్కో ముఖం చెక్కి ఉంటుంది. గడ్డాల వాళ్లు, కిరీటాల వాళ్లు. కొన్నింటికి ముక్కులు లేవు, ఎందుకో మీకు చెప్పాను కదా. తోటకు పేరు వచ్చిన హార్నిమన్ ఆంగ్లేయుడే, బాంబే క్రానికల్ సంపాదకుడు. మన పక్షాన రాశాడని 1919లో దేశం నుంచి పంపేశారు.

తోటకు ఎదురుగా ఆసియాటిక్ సొసైటీ గ్రంథాలయం ఉన్న పాత టౌన్ హాల్, 1833 నాటిది. తెల్లటి స్తంభాలు, ముప్పై మెట్లు. సినిమాల్లో ఈ మెట్లు చూసే ఉంటారు. నాన్నగారిని కింది రెండో మెట్టు మీద కూర్చోబెట్టండి, దృశ్యం అక్కడి నుంచే బాగుంటుంది. మరో వైపు సెయింట్ థామస్ చర్చి, 1718లో తెరిచారు. చర్చి గేట్ అనే పేరుకు కారణమైన చర్చి ఇదే. ముంబయి నుంచి మైళ్ల రాళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది కూడా దీని గుమ్మం దగ్గరి నుంచే.

తరవాత టాక్సీలో ఓవల్ మైదానం. ఆదివారం అక్కడ ఒకే మైదానంలో ఇరవై క్రికెట్ ఆటలు జరుగుతుంటాయి. ఎవరి బంతి ఎవరి ఫీల్డర్ ఆపుతాడో దేవుడికే తెలియాలి. మధ్యలో ఉన్న కాలిబాట మీద నిలబడి ముందు తూర్పుకు చూడండి: హైకోర్టు, విశ్వవిద్యాలయం, రాజాబాయి గడియార స్తంభం. అన్నీ 1870ల నాటి రాతి కట్టడాలు, శిఖరాలు, సూదిమొనలు. ఇప్పుడు పడమరకు తిరగండి: 1930ల నాటి సిమెంటు కాంక్రీటు ఇళ్లు. గుండ్రటి మూలలు, ఓడ డెక్కుల్లాంటి బాల్కనీలు, కిటికీల పైన కనుబొమల్లా సాగిన ఛజ్జాలు. ఒక ఇంటి పేరు కోర్ట్ వ్యూ, ఎదురుగా హైకోర్టు కనిపిస్తుంది కనుక. ఈ రెండు వరసలను కలిపి 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రాతి మేస్త్రీలు తూర్పును మెచ్చుకుంటారు. నేను మాత్రం పడమరకే ఓటు వేస్తాను. ఆ గుండ్రటి మూలకు మట్టసంగా గిలాబా, అంటే సిమెంటు పూత చేయడం, పొడుగునా మూడు గీతలు వంకర లేకుండా లాగడం ఎంత కష్టమో చేసినవాడికే తెలుసు. రాయి తప్పును దాస్తుంది, గిలాబా దాచదు.

రాజాబాయి స్తంభం ఎత్తు 85 మీటర్లు. డబ్బిచ్చింది పత్తి వ్యాపారి ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్, తల్లి పేరు పెట్టమని కోరాడు. జైన ఆచారం ప్రకారం పొద్దు గూకకముందే భోంచేసే ఆ తల్లికి గంట వినిపించి వేళ తెలియాలని కట్టించాడని చెప్పుకుంటారు. దాన్ని గీసిన జార్జ్ గిల్బర్ట్ స్కాట్ జీవితంలో ఒక్కసారి కూడా మన దేశానికి రాలేదు. కాగితం లండన్ నుంచి వచ్చింది, చెమట ఇక్కడిది. పైకి ఎక్కనివ్వరు, అడిగి భంగపడకండి.

మధ్యాహ్నం గదికి వెళ్లి పడుకోండి. సాయంత్రం మెరీన్ డ్రైవ్ గట్టు మీద కూర్చోవడానికి నా సలహా అక్కర్లేదు.

రాత్రి రైలుకు ఒక గంట ముందే సీఎస్‌ఎంటీ చేరండి. దీపాలు వెలిగిన భవనం చూశాక, లోకల్ రైళ్ల టికెట్టు హాలులోకి వెళ్లండి. అక్కడ పైకప్పు నిండా నక్షత్రాలు ఉంటాయి, కింద పాలరాతి స్తంభాలు. రోజూ లక్షల మంది ఆ కిటికీల ముందు చిల్లర లెక్కపెట్టుకుంటూ నిలబడతారు. అమ్మకు చెప్పకుండా వరసలో నిలబెట్టి, ఒక్కసారి పైకి చూడమనండి.

అన్నట్టు, ముంబయిలో ఎవరికైనా మన మిర్చి తీసుకెళ్తున్నట్టయితే రెండు సంచుల్లో పెట్టి మూతి గట్టిగా కుట్టించండి. మా మామ ఒకసారి గోనెసంచి మూతి తాడుతో కట్టి పై బెర్తు మీద పెట్టాడు. మన్మాడ్ దాటేదాకా బోగీ అంతా తుమ్ముతూనే ఉంది.